టోల్ పెంపు హియరింగ్‌లో మీ మాట లెక్కలోకి రావాలంటే ఏం చేయాలి

న్యూజెర్సీలో ఉంటున్న తెలుగువాళ్లలో అక్కడి టోల్ రహదారి టర్న్‌పైక్ ఎక్కకుండా నెల గడిపేవాళ్లు తక్కువ. ఎడిసన్ నుంచో ఐస్లిన్ నుంచో జెర్సీ సిటీ ఆఫీసుకి, మన్‌హట్టన్‌కి, ఎయిర్‌పోర్టుకి, వీకెండ్ అయితే గుడికి. కారులో పెట్టుకునే టోల్ ట్యాగ్ ఈజీపాస్ దానంతట అదే డబ్బు కోసుకుంటుంది కాబట్టి ఎంత పోతోందో పట్టించుకోం. టోల్ పెరిగిందని వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పెడితే రెండు రోజులు తిట్టుకుని వదిలేస్తాం. పెంచేముందు హియరింగ్ (బహిరంగ విచారణ) పెడతారనీ, అక్కడ మనమూ మాట్లాడొచ్చనీ చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లేమో "వెళ్లి ఏం లాభం, వాళ్లు ముందే అనుకున్నది చేసేస్తారు" అంటారు.

ఆ మాటలో చాలా నిజం ఉంది. అయినా వెళ్లమనే చెబుతాను. ఏది మారుతుందో, ఏది మారదో ముందే తెలుసుకుని వెళ్తే అక్కడ మాట్లాడటానికి ఇచ్చే మీ రెండు నిమిషాలు వృథా కావు.

ముందు, ఇంతవరకు ఏం జరిగిందో చూడండి

2011 ఆగస్టులో, న్యూయార్క్, న్యూజెర్సీల మధ్య వంతెనలు, టన్నెళ్లు నడిపే పోర్ట్ అథారిటీ జార్జి వాషింగ్టన్ బ్రిడ్జి, హాలండ్, లింకన్ టన్నెళ్ల టోల్ పెంచాలనుకుంది. కార్లకి సెప్టెంబరులోనే 4 డాలర్లు, 2014లో ఇంకో 2 డాలర్లు అన్నది ప్రతిపాదన. హియరింగులన్నీ ఆగస్టు 16న ఒక్క రోజులోనే పెట్టారు. 19న బోర్డు ఓటేసింది. మధ్యలో రెండు రాష్ట్రాల గవర్నర్లూ తగ్గించమన్నారు, తగ్గింది: వెంటనే 1.50 డాలర్లు, 2012 నుంచి 2015 దాకా ఏటా డిసెంబరులో 75 సెంట్లు. జనం మాటలు విని, చదివి, ఆలోచించడానికి మూడు రోజులు ఏమాత్రం సరిపోవు. ప్రజలకి ఇచ్చిన అవకాశం చాలా తక్కువని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2013లో ఎత్తి చూపింది.

2020లో టర్న్‌పైక్ అథారిటీ వంతు వచ్చింది. టర్న్‌పైక్ మీద 36 శాతం, గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీద 27 శాతం పెంపు. హియరింగులు మార్చిలో, సరిగ్గా కోవిడ్‌తో అందరూ ఇళ్లలో కూర్చోవడం మొదలైన రోజుల్లో జరిగాయి. వాయిదా వేయమని అడిగినా వేయలేదు. మే నెలలో ఓటు పడింది, సెప్టెంబరు 13 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. అంకె కదల్లేదు.

మూడోది న్యూయార్క్ కంజెషన్ ప్రైసింగ్. మన్‌హట్టన్‌లో 60వ వీధికి దిగువన కారుతో వెళ్తే కట్టే టోల్. 2024 ఫిబ్రవరి ఆఖర్లో, మార్చి మొదట్లో నాలుగు హియరింగులు పెట్టారు. 25 వేలకు పైగా కామెంట్లు వచ్చాయి. మార్చి 27న న్యూయార్క్ ప్రజా రవాణా సంస్థ ఎంటీఏ బోర్డు 11-1తో 15 డాలర్లకే ఓటేసింది. కొన్ని కమ్యూటర్ బస్సులకీ, సిటీకి చెందిన కొన్ని ప్రత్యేక వాహనాలకీ మినహాయింపు దొరికింది. ఆ 15 డాలర్లు చివరికి 9 ఎందుకయ్యాయంటే, జూన్‌లో న్యూయార్క్ గవర్నర్ హోకుల్ పథకాన్ని ఆపి, ఎన్నికలయ్యాక నవంబరులో తగ్గించి మళ్లీ తెచ్చారు. 2025 జనవరి 5న మొదలైంది.

అయితే ఇదే పథకంలో ఇంకో కథ ఉంది, అది మనకి పనికొచ్చేది. 2022 ఆగస్టులో పర్యావరణ నివేదిక మీద ఆరు ఆన్‌లైన్ హియరింగులు జరిగాయి. సౌత్ బ్రాంక్స్ వాళ్లు వచ్చి, టోల్ తప్పించుకోవడానికి లారీలు తమ వీధుల మీదుగా తిరుగుతాయనీ, ఇప్పటికే పిల్లలకి ఆస్తమా ఎక్కువగా ఉందనీ గట్టిగా చెప్పారు. తుది నివేదికలో బ్రాంక్స్‌కి ఆస్తమా కార్యక్రమం, హంట్స్ పాయింట్ మార్కెట్ లారీల శీతల యంత్రాల మార్పిడి, స్కూళ్లలో గాలి శుద్ధి చేసే పరికరాలు చేరాయి. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి నెలలో మొదటి 10 ట్రిప్పుల తర్వాత తగ్గింపు కూడా ఆ దశలోనే గట్టిపడింది.

ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: పెద్ద అంకెని హియరింగ్ మార్చదు. దాన్ని గవర్నర్లు, బాండ్ల లెక్కలు, నిర్మాణ ప్రణాళికలు ఎప్పుడో తేల్చేస్తాయి. హియరింగ్‌లో కదిలేవి అంచులు: ఎవరికి మినహాయింపు, ఎవరికి డిస్కౌంటు, ఎప్పటినుంచి, ఏ ఊరికి ఏం నష్టపరిహారం. ఆ అంచుల మీదే మన ఇంటి ఖర్చు ఆధారపడి ఉంటుంది కాబట్టి వాటిని చిన్న విషయాలని అనుకోవద్దు.

విన్నారో లేదో ఎలా తెలుస్తుంది?

నా దృష్టిలో ఒకటే పరీక్ష. మీరు అన్నదానికి రాతపూర్వకంగా జవాబు వచ్చిందా?

ఈ విషయంలో మన దగ్గర కరెంటు చార్జీల పద్ధతి చాలా టోల్ హియరింగుల కంటే మెరుగు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విద్యుత్ నియంత్రణ మండళ్లు బహిరంగ విచారణ పెట్టినప్పుడు, రైతు సంఘం నుంచి వచ్చిన అభ్యంతరమైనా, మామూలు వినియోగదారుడు రాసిన ఉత్తరమైనా డిస్కం జవాబు చెప్పాలి. తర్వాత వచ్చే టారిఫ్ ఉత్తర్వులో అభ్యంతరం, దానికి డిస్కం సమాధానం, ఆపైన కమిషన్ అభిప్రాయం వరసగా అచ్చులో ఉంటాయి. చార్జీ పెరిగినా, మీ మాట ఎక్కడ నిలిచిందో, ఎందుకు వీగిపోయిందో చదువుకోవచ్చు. న్యూయార్క్ పర్యావరణ నివేదికలోనూ కామెంట్లకి ఇలా జవాబులు రాశారు. బ్రాంక్స్ వాళ్లకి ఏదైనా దక్కిందంటే అందుకు ఇదొక ముఖ్య కారణం అనుకుంటాను.

ఇండియాలో నేషనల్ హైవే టోల్ పెంపుకి మాత్రం అసలు విచారణే లేదు. 2008 ఫీజు నిబంధనల ప్రకారం ఏటా 3 శాతం, దాని మీద టోకు ధరల సూచీ పెరుగుదలలో 40 శాతం కలిపి, ఏప్రిల్ 1కి రేటు మారిపోతుంది. విజయవాడ హైవేలో పంతంగి దగ్గర కట్టేవాళ్లని ఎవరూ పిలిచి అడగరు. మీ అమ్మానాన్నలు టోల్ ప్లాజాకి 20 కిలోమీటర్ల లోపు ఉంటే సొంత కారుకి లోకల్ నెల పాస్ ఉంటుందని చెప్పండి, చాలామంది అడిగి తీసుకోరు. రోడ్డు వేసేముందు, పర్యావరణ అనుమతి కావలసిన ప్రాజెక్టులకి జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే అక్కడ ఎదురుగా కూర్చుని మాట్లాడే చోటు. చివర్లో మినిట్స్‌ని, అంటే అక్కడ జరిగినదాని నమోదుని, స్థానిక భాషలో చదివి వినిపించాలని 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్ చెబుతోంది. అండర్‌పాస్, సర్వీస్ రోడ్డు గురించి అడగాల్సింది అప్పుడే. రోడ్డు పడ్డాక ఆ అవకాశం ఉండదు.

ఇక మళ్లీ న్యూజెర్సీకి వద్దాం.

నోటీసు పట్టుకోండి, నాలుగు చోట్ల చదవండి

న్యూజెర్సీ బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం బోర్డు మీటింగుకి కనీసం 48 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. ఆ నోటీసు మీ ఇంటికి రాదు. అథారిటీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ నోటీసుల పేజీ, బోర్డు అజెండా పేజీ రెండూ బుక్‌మార్క్ చేసుకోండి. ఇంకా ముందే పసిగట్టాలంటే "క్యాపిటల్ ప్లాన్" అనే మాట కోసం చూడండి. ఫలానా వంతెన వెడల్పు చేస్తాం, ఇన్ని వేల కోట్ల డాలర్ల పనులు చేపడతాం అని ప్రకటన వచ్చిందంటే టోల్ పెంపు వెనకాలే వస్తోందని అర్థం. 2020 పెంపు వెనక ఉన్నది 2,400 కోట్ల డాలర్ల ప్లాన్.

ప్రతిపాదన దొరికాక అంతా చదవక్కర్లేదు. రేట్ల పట్టిక, అమలు తేదీ, డబ్బు దేనికి వాడతారు, ఏటేటా దానంతట అది పెరిగే క్లాజు. ఈ నాలుగింటిలో చివరిదాన్ని రెండుసార్లు చదవండి.

2020లో 36 శాతం మీద అంత గొడవ జరిగింది. అదే ప్రతిపాదనలో, 2022 నుంచి ఏటా 3 శాతం దాకా పెంచుకోవచ్చన్న వాక్యం మాత్రం పెద్దగా ఎవరి కంటా పడలేదు. ఆ వాక్యం పాసయ్యాక ప్రతి పెంపుకీ మళ్లీ పెద్ద హియరింగ్ పెట్టే అవసరం లేకుండా పోయింది. బడ్జెట్‌తో పాటే వచ్చేస్తుంది. ఈసారి ఎక్కడైనా ఇలాంటి క్లాజు కనిపిస్తే మీ రెండు నిమిషాలూ దాని మీదే పెట్టండి. "ఐదేళ్ల తర్వాత ఇది ముగియాలి, కొనసాగించాలంటే మళ్లీ హియరింగ్ పెట్టాలి" అని అడగడం న్యాయమైన కోరిక.

మీ సొంత లెక్క వేసుకోండి

ఈజీపాస్ అకౌంట్‌లోకి వెళ్లి మూడు నెలల స్టేట్‌మెంట్ దించుకోండి. ఏ ఎగ్జిట్ నుంచి ఏ ఎగ్జిట్‌కి, ఏ టైముకి, ఎంత. ఉదాహరణకి పోనూ రానూ రోజుకి 10 డాలర్లు, నెలకి 20 రోజులు అనుకుందాం. నెలకి 200. 36 శాతం పెరిగితే 272, అంటే ఏడాదికి 864 డాలర్లు అదనం. ఆ 272 మీద ఏటా 3 శాతం చొప్పున ఐదేళ్లు పెరిగితే నెలకి 315 దాటుతుంది. ఇది నేను ఊహించి వేసిన లెక్క. మీ అంకెలు మీవి పెట్టుకోండి.

ఈ లెక్క ఎందుకంటే, బోర్డు దగ్గర సగటు పెంపు అంకెలు ఉంటాయి. ఒక ఇంటికి నెలాఖరున ఎంత తేడా వస్తుందో వాళ్ల కాగితాల్లో ఉండదు. అది మీరే ఇవ్వాలి. ప్రత్యామ్నాయం ఎందుకు లేదో కూడా రాసుకోండి. ట్రైన్‌లో వెళ్లొచ్చు కదా అని వాళ్లు అనుకుంటారు. మీ షిఫ్టు తెల్లవారుజామున 5కి మొదలవుతుందా, డేకేర్ సాయంత్రం 6కి మూసేస్తారా, స్టేషన్ పార్కింగ్‌కి వెయిటింగ్ లిస్ట్ ఉందా, ఉన్నదున్నట్టు పెట్టండి.

ఒక్కటే అడగండి

"పెంచొద్దు" అంటే రికార్డులో వ్యతిరేకం అని ఒక గీత పడుతుంది, అంతే. "నెలకి ఇన్ని ట్రిప్పులు దాటిన వాళ్లకి తగ్గింపు ఇవ్వండి" అంటే ఎవరో ఒకరు లెక్క వేయాల్సి వస్తుంది. స్టాటెన్ ఐలాండ్ వాళ్లని చూడండి. వెరజానో బ్రిడ్జి టోల్‌ని రద్దు చేయించలేకపోయారు కానీ, ఏళ్ల తరబడి వెంటపడి, అక్కడి నివాసులు 2.75 డాలర్లు కడితే చాలు, మిగతాది రాష్ట్రం, ఎంటీఏ భరించేలా రిబేటు సాధించుకున్నారు. ఆ ఊరివాళ్లకి వేరే దారి లేదన్న ఒకే వాదన పట్టుకుని వదల్లేదు.

మనకి సరిపోయే కోరికలు చాలా ఉన్నాయి. రోజూ వెళ్లేవాళ్లకి ట్రిప్పుల లెక్కన తగ్గింపు, పెంపు ఒకేసారి కాకుండా రెండు మూడు విడతల్లో, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి రాయితీ, రద్దీ లేని గంటల రేటు ఇంకొంత ముందు నుంచి. అన్నీ అడగాలనిపిస్తుంది. ఒకటి మీరు తీసుకుని, రెండోది పక్కింటివాళ్లకి ఇవ్వండి.

రెండు నిమిషాలు ఎలా మాట్లాడాలి

సాధారణంగా ఒక్కొక్కరికి రెండు, మూడు నిమిషాలు ఇస్తారు. ఇంగ్లీషులో మామూలు వేగంతో రెండు నిమిషాలంటే సుమారు 250 పదాలు. కాగితం మీద రాసుకుని, ఇంట్లో ఫోన్ టైమర్ పెట్టి గట్టిగా చదవండి. వరస ఇలా ఉంటే బాగుంటుంది, మాటలు మీవి పెట్టుకోండి:

"నా పేరు ఫలానా. ఎడిసన్‌లో ఉంటాను. రోజూ ఎగ్జిట్ 10 నుంచి జెర్సీ సిటీకి వెళ్తాను. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగస్తులం, కారు ఒకటే. ఇప్పుడు నెలకి ఇంత కడుతున్నాం, మీ ప్రతిపాదన ప్రకారం ఇంత అవుతుంది, ఇదిగో స్టేట్‌మెంట్. ట్రైన్ ఎందుకు కుదరదంటే ఇది కారణం. నేను అడుగుతున్నది ఒకటే: నెలకి 30 ట్రిప్పులు దాటినవాళ్లకి తగ్గింపు రేటు పెట్టండి. దీనివల్ల మీకు ఎంత ఆదాయం తగ్గుతుందో లెక్కించారా? లెక్కిస్తే ఆ అంకె ఓటుకి ముందే బయటపెట్టండి. లెక్కించకపోతే ఎందుకు లెక్కించలేదో రాతపూర్వకంగా చెప్పండి."

చివరి మూడు వాక్యాలూ వదిలేయొద్దు. మీ ప్రసంగం అంతా మర్చిపోయినా, రికార్డులో జవాబు లేని ప్రశ్న ఒకటి మిగిలిపోతుంది.

యాస గురించి టెన్షన్ పడకండి. నెమ్మదిగా, మైకుకి దగ్గరగా మాట్లాడితే చాలు. పౌరసత్వం గురించి కూడా భయం వద్దు. హెచ్1బీ మీద ఉన్నా, గ్రీన్ కార్డు కోసం ఎదురుచూస్తున్నా, టోల్ కడుతున్న మనిషిగా మాట్లాడటానికి మీకు అర్హత ఉంది. పేరు, ఊరు చెబితే సరిపోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు మాట్లాడాలనుకుంటే అనువాదకుడి కోసం నోటీసులో ఉన్న నంబరుకి ముందుగానే ఫోన్ చేసి అడగండి.

హాల్లో

గుమ్మం దగ్గర పేరు రాయించుకునే టేబుల్ ఉంటుంది. త్వరగా వెళ్లండి. ముందు ఎన్నికైన ప్రజాప్రతినిధులు, మేయర్లు, సంఘాల నాయకులు మాట్లాడతారు, మామూలు మనుషుల వంతు వచ్చేసరికి విలేకరులు వెళ్లిపోతారు. వేదిక మీద బోర్డు సభ్యులందరూ ఉంటారనుకోకండి. ఒక హియరింగ్ అధికారి, ఒక స్టెనోగ్రాఫర్ మాత్రమే ఉండొచ్చు. మీరు ప్రశ్న అడిగితే అక్కడికక్కడ జవాబు రాదు. "థ్యాంక్యూ, నెక్స్ట్" అంటారు. మనసు చివుక్కుమంటుంది, నిజమే. మీ అసలు శ్రోత ఆ టైపు చేస్తున్న మనిషి అనుకోండి. ఎగ్జిట్ నంబర్లు, డాలర్లు ఆవిడకి స్పష్టంగా వినబడాలి.

పెంపు కావాలనేవాళ్లు కూడా వస్తారు. 2011లో నిర్మాణ కార్మిక సంఘాల వాళ్లు ఒకే రంగు టీషర్టులతో హాలు నింపారు. వాళ్లకి అది పని, జీతం. వాళ్లతో గొడవ పడి మీ సమయం పోగొట్టుకోవద్దు.

తెలుగు సంఘం తరఫున వెళ్తే ఇంకా మంచిది, కానీ పదిమందీ ఒకే కాగితం చదివితే పదీ కలిపి ఒకే అభిప్రాయంగా కట్టగట్టేస్తారు. ఒకరు రాత్రి షిఫ్టు నర్సుగా, ఒకరు ఊబర్ నడిపేవారిగా, ఒకరు చిన్న కిరాణా కొట్టుకి సరుకు తెచ్చుకునేవారిగా ఎవరి లెక్క వారు చెప్పాలి.

రాసి పంపడం తప్పనిసరి

మాట్లాడినా సరే, గడువులోగా రాసి కూడా పంపండి. స్టేట్‌మెంట్ జత చేయండి, అకౌంట్ నంబరు చెరిపేయండి, అది పబ్లిక్ రికార్డు అవుతుంది. పంపిన ఈమెయిల్ దాచుకోండి.

ఫెడరల్ పర్యావరణ సమీక్ష ఉన్న ప్రాజెక్టుల్లో దీనికి ఇంకో బరువు ఉంది. కామెంట్ల దశలో లేవనెత్తని అభ్యంతరాన్ని తర్వాత కోర్టులో కొత్తగా ఎత్తుకోవడం కష్టమని అమెరికా సుప్రీంకోర్టు 2004లో చెప్పింది. ఎప్పుడో ఏదో సంఘం కేసు వేస్తే, మీ ఉత్తరం వాళ్లకి ఆధారం కావచ్చు.

ఓటు పడే దాకా, పడ్డాక

హియరింగ్ అయిన వారానికే ట్రాన్‌స్క్రిప్ట్ అడగండి. వెబ్‌సైట్‌లో లేకపోతే న్యూజెర్సీ పబ్లిక్ రికార్డుల చట్టం, ఓప్రా కింద దరఖాస్తు పెట్టండి. మామూలుగా ఏడు పనిదినాల్లో స్పందించాలి. మీ పేరు దగ్గర మీరన్నది సరిగ్గా ఉందో లేదో చూడండి. తర్వాత తుది తీర్మానం వచ్చినప్పుడు ప్రతిపాదననీ, దాన్నీ పక్కపక్కన పెట్టి తేడాలు వెతకండి. తేడా ఒక్కటీ లేకపోతే, కామెంట్లకి జవాబు కూడా లేకపోతే, మీ నియోజకవర్గంలో ఉన్న ఒక రాష్ట్ర సెనేటర్‌కీ, ఇద్దరు అసెంబ్లీ సభ్యులకీ ఆ సంగతే రాయండి. "కామెంట్లకి రాతపూర్వక జవాబు ఇచ్చాకే ఓటు జరగాలి" అని చట్టంలో పెట్టమని అడగండి. నేను ఏటా ఇదొక్కటే అడిగినా తప్పులేదనుకుంటాను. కరెంటు చార్జీలకి కర్నూలు రైతుకి దక్కే జవాబు ఎడిసన్‌లో ఉన్న మనకెందుకు దక్కకూడదు?

ఇంకో తలుపు ఉంది. టర్న్‌పైక్ అథారిటీ బోర్డు మినిట్స్‌ని న్యూజెర్సీ గవర్నర్ వీటో చేయొచ్చు. 2023 చివర్లో గవర్నర్ మర్ఫీ అదే చేసి, 2024కి అనుకున్న 3 శాతం పెంపుని ఆపారు. నిజమే, ఆ తర్వాత మళ్లీ ఆమోదం పొంది మార్చి 1 నుంచి అమలైంది. కానీ బోర్డు ఓటు తర్వాత కూడా కొన్ని రోజుల గడువు ఉంటుందని దీనివల్ల రుజువైంది. మినిట్స్ గవర్నర్ దగ్గరున్న ఆ కొద్ది రోజుల్లోనే ఫోన్లు, ఈమెయిళ్లు వెళ్లాలి. ఓటు పడిన సాయంత్రమే మీ రెండు నిమిషాల కాగితాన్ని పైన "గవర్నర్ కార్యాలయానికి" అని మార్చి పంపేయండి, వాట్సాప్ గ్రూపులో మిగతావాళ్లకి కూడా ఆ చిరునామా ఇవ్వండి.